హీటర్ కోర్ తొలగించిన కారులో కూలెంట్ గొట్టాల అమరిక

కారు డ్యాష్‌బోర్డు వెనుక ఉండే చిన్నపాటి రేడియేటర్‌ను హీటర్ కోర్ అంటారు. ఇంజిన్‌లో వేడెక్కిన కూలెంట్ దీని గుండా ప్రవహిస్తుంది. బ్లోయర్ పంపే గాలి ఆ వేడిని గ్రహించి కారు లోపలికి చేరుతుంది. హీటర్ కోర్ కారిపోతే దాన్ని మార్చడానికి అనేక కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం విప్పవలసి ఉంటుంది. అందువల్ల వెచ్చని ప్రాంతాలలో పాత కార్ల యజమానులు కొందరు దాన్ని తప్పించి, గొట్టాలను ఇంజిన్ వద్దనే మళ్లించుకుంటారు. ఈ పని సులువే అయినా, పొరపాటు జరిగితే ఇంజిన్‌కే ముప్పు.

లీకును గుర్తించడం

ముందు సీటు ప్రయాణికుని కాళ్ల కింద చాప తడవడం, కారు లోపల తియ్యని వాసన, అద్దం లోపలి వైపు జిడ్డు పొర, కూలెంట్ మట్టం తరచూ తగ్గడం ప్రధాన లక్షణాలు. అయితే ఏసీ నీటి గొట్టం మూసుకుపోయినా చాప తడుస్తుంది. ఆ నీటికి రంగు, వాసన, జిడ్డు ఉండవు.

మూయడం కాదు, కలపడం

హీటర్‌కు రెండు గొట్టాలు ఉంటాయి. ఒకటి ఇంజిన్ నుంచి వేడి కూలెంట్‌ను తెస్తుంది. రెండవది దాన్ని తిరిగి వాటర్ పంపు వైపు చేరుస్తుంది. థర్మోస్టాట్ సాధారణంగా 80 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ మధ్య తెరుచుకుంటుంది. అంతవరకు కూలెంట్ ప్రధాన రేడియేటర్‌లోకి వెళ్లదు. కొన్ని ఇంజిన్లలో ఆ సమయంలో కూలెంట్ తిరిగే దారి హీటర్ గొట్టాలే. వాటిని బిరడాలతో మూసివేస్తే ప్రవాహం నిలిచి, సిలిండర్ హెడ్‌లో అక్కడక్కడ వేడి పేరుకుంటుంది. వేడి కూలెంట్ సకాలంలో చేరక థర్మోస్టాట్ కూడా ఆలస్యంగా తెరుచుకుంటుంది. హెడ్ వంకర పోవడం, గాస్కెట్ దెబ్బతినడం దీని పర్యవసానాలు. అందువల్ల రెండు కొనలను ఒకే గొట్టంతో కలపడమే సాధారణంగా క్షేమకరం. కొన్ని మోడళ్లలో ప్రవాహాన్ని పరిమితం చేసే అమరిక కూడా అవసరం కావచ్చు కనుక సర్వీసు మాన్యువల్‌ను ముందుగా చూడాలి.

గొట్టం ఎంపిక

తోటకు నీరు పెట్టే పైపు గాని, పెట్రోలు పైపు గాని ఇందుకు పనికిరావు. వేడిని, ఒత్తిడిని తట్టుకునే హీటర్ హోస్‌నే వాడాలి. లోపలి వ్యాసం పాత గొట్టంతో సమానంగా ఉండాలి. తిన్నని గొట్టాన్ని బలవంతంగా వంచితే మడతపడి ప్రవాహం ఆగుతుంది. కాబట్టి 'యు' ఆకారంలో తయారైన గొట్టం ఉత్తమం. సైలెన్సర్ మానిఫోల్డుకు, ఫ్యాన్ బెల్టుకు తగలకుండా దాన్ని కట్టి ఉంచాలి. రెండు చివరలా క్లాంపులు బిగించాలి.

గాలి తొలగింపు

ఇంజిన్ పూర్తిగా చల్లారిన తరువాతే పని మొదలుపెట్టాలి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీస్తే మరిగిన కూలెంట్ ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది. గొట్టం బిగించాక తయారీదారు సూచించిన కూలెంట్‌ను మెల్లగా నింపి, ఇంజిన్ నడిపి, లోపల చిక్కిన గాలిని బయటకు పంపాలి. చల్లారాక మట్టాన్ని మళ్లీ చూడాలి. తదుపరి కొన్ని రోజులు కీళ్ల వద్ద తడిని పరిశీలించాలి. కేవలం ఉష్ణోగ్రత మీటరును నమ్ముకోరాదు. కూలెంట్ బాగా తగ్గిపోతే సెన్సర్ దానిలో మునగదు, మీటరు అసలు వేడిని చూపకపోవచ్చు.

పారబోయవలసిన కూలెంట్‌ను నేలపై వదలరాదు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలకు, పశువులకు, కుక్కలకు అది ప్రాణాంతకం.

కోల్పోయేది ఏమిటి?

హీటర్ లేకపోతే పోయేది వెచ్చదనం ఒక్కటే కాదు. అద్దం లోపల పట్టే ఆవిరిని తొలగించే ప్రధాన సాధనం కూడా పోతుంది. వానాకాలంలో ఏసీ గాలిలోని తేమను తగ్గించి కొంత సాయపడుతుంది. కాని గడ్డకట్టే చలిలో చాలా కార్ల ఏసీ కంప్రెసర్ పనిచేయదు. ఉత్తర భారత మైదానాల శీతాకాలపు పొగమంచులోనూ, హిమాలయ రహదారులపైనా, లంబసింగి వంటి చలి ప్రాంతాలలో తెల్లవారుజామునా ప్రయాణించేవారికి దారి కనిపించడమే ప్రాణరక్షణ. అటువంటివారు గొట్టాల మళ్లింపును తాత్కాలిక ఏర్పాటుగానే భావించి, కొత్త హీటర్ కోర్ అమర్చుకోవడం శ్రేయస్కరం.