గచ్చు క్రింది చెమ్మ

నేలమాళిగలోని కాంక్రీటు చేతితో తాకి చూచినచో పొడిగానే యుండును. దానిపై జిగురు పూసి కొత్త పలకలు పరచిన కొన్ని మాసములకు అంచులు లేచి, జిగురు మెత్తబడి, బూజు వాసన కొట్టును. తప్పు పలకలదే యని చాలమంది తలంతురు. తరచుగా తప్పు వాటి క్రిందనే యుండును. ఈ సంగతి ప్రాచీనులకు తెలియనిది కాదు.

క్రీస్తు పూర్వము మొదటి శతాబ్దమున రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథములో నేలల తయారీకి ఒక అధ్యాయమును ప్రత్యేకించెను. ముందుగా మన్ను అంతటను గట్టిగా నున్నదో లేదో పరీక్షించి, చదును చేసి, రాళ్లు పరవవలెను. కొత్త కంకరయైనచో మూడు పాళ్లకు ఒక పాలు సున్నము, పాత కట్టడపు కంకరయైనచో అయిదు పాళ్లకు రెండు పాళ్లు కలిపి, కూలీలు గుంపుగా నిలిచి కొయ్య దిమ్మిసలతో బాదవలెను. బాదిన పిమ్మట మందము ముప్పాతిక అడుగునకు తగ్గరాదు. ఆపైన పెంకుపొడి మూడు పాళ్లు, సున్నము ఒక పాలు. ఇవన్నియు ముగిసిన గాని పై పలకల మాట లేదు. సున్నము, ఇటుకపొడి కలిపి దిమ్మిసతో కొట్టిన గచ్చు తెలుగునాట పాత ఇండ్లలోను కానవచ్చును.

అతడు వర్ణించిన గ్రీకుల శీతకాలపు భోజనశాల మరింత వింతయైనది. నేలను ఇంచుమించు రెండడుగులు త్రవ్వి, అడుగు మన్నును దిమ్మిస వేసి, నీరు కాలువలోనికి జారునట్లు వాలుగా కంకర నేల వేయుదురు. దానిపై బొగ్గులు దట్టముగా త్రొక్కి, ఇసుక, సున్నము, బూడిద కలిపిన ముద్దను అరడుగు మందమున పరచి, రాతితో రుద్ది చదును చేయుదురు. ఒలికిన ద్రాక్షసారాయము పడినంతనే ఇంకిపోవునట. వట్టికాళ్లతో వడ్డించు సేవకులకు చలి సోకదట. వచ్చిన నీటికి పోవుటకు దారి చూపుటయే ఇందలి కీలకము.

1824 లో ఇంగ్లండున జోసఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీపనివాడు పోర్ట్‌లాండు సిమెంటునకు పేటెంటు పొందెను. తరువాత వ్యాపించిన కాంక్రీటు త్వరగా గట్టిపడి నున్నగా కనిపించుటచే జనులు దానిని రాతివలె ఎంచిరి. కాని అది రంధ్రమయము. సిమెంటు రసాయనికముగా తనలో కలుపుకొను నీరు దాని బరువులో సుమారు నాలుగవ వంతు మాత్రమే. పని సులభమగుటకు పోయునది తరచుగా దానికి రెట్టింపు. ఆ ఎక్కువ నీరు నిలిచిన తావులే సన్నని కేశనాళికలగును. వాటిగుండనే క్రింది మన్ను చెమ్మయు పైకెక్కును.

1860 దశకమున ఫ్రెడరిక్ వాల్టన్ అవిసెనూనెతో లినోలియము తయారుచేసెను. కాంక్రీటులో క్షారము కలదు. చెమ్మతో అది పైకి వచ్చి నూనెను సబ్బుగా మార్చును. ఇక ఆ నేల ఎట్లు నిలుచును? తరువాతి ప్లాస్టికు పలకలకు ఈ రోగము లేదు గాని, అవి నీటి ఆవిరిని పోనీయవు. అది క్రిందనే చిక్కుబడి జిగురును చెరుచును.

1933 లో ఇంగ్లండున గిబ్సన్, ఫాసెట్ అనువారు అనుకొనకుండ కనుగొన్న పాలిథీను ఇచట రెండు విధముల అక్కరకు వచ్చినది. కాంక్రీటు పోయుటకు ముందే దాని రేకును పరచినచో మన్ను చెమ్మ ఆగును. పాత నేలపై 18 అంగుళముల చదరపు రేకును అంచులన్నియు అతికించి 16 గంటలు ఉంచినచో, అడుగున నీటి బొట్లు నిలుచుటయో కాంక్రీటు నల్లబడుటయో లోని చెమ్మను తెలుపును. పాఠశాలలో కూడ చేయదగిన పరీక్ష యిది. అయితే రేకు పొడిగా నున్నంత మాత్రమున నిశ్చింత కూడదు. పై పొర ఆరి, అడుగు తడిగా ఉండవచ్చును. పలకలు కప్పిన పిమ్మట ఆ తడి మెల్లగా మీదికి ప్రాకును. అందుచేతనే అమెరికాలో 2002 లో ఏర్పడిన ప్రమాణము ప్రకారము, ఒక వైపునుండియే ఆరెడి కాంక్రీటునకు దాని మందములో 40 శాతము లోతున రంధ్రము చేసి, అచ్చటి గాలిలోని తేమను కొలుతురు. నాలుగంగుళముల నేలకు ఆ లోతు 1.6 అంగుళములు.

ఆ కొలత సరిపడిన పిమ్మటనే బీటలు పూడ్చుట, ఎత్తుపల్లములు సరిచేయుట, ధూళి తుడుచుట. విట్రూవియస్ మట్టపు బద్దను చేతికిచ్చినదియు అడుగు పొరలన్నియు ముగిసిన తరువాతనే.