సెలూన్ కుర్చీకీ ఒక చరిత్ర ఉంది

తాండూరులోనో, వికారాబాద్‌లోనో సెలూన్‌కి పోతాం. ఫోన్‌లో ఫొటో చూపించి "అన్నా, ఇట్ల కొట్టు" అంటాం. కానీ ఆ కుర్చీలో కూర్చోవడం అందరికీ అంత ఈజీగా రాలేదు.

వందేళ్ల కింద చాలామంది మగవాళ్లకు పిలక ఉండేది. ముందు గొరిగించుకుని, వెనక జుట్టు ముడేసేవాళ్లు. తర్వాత ఇంగ్లీషు మాట 'క్రాప్' మన నోట్లో 'క్రాపు' అయింది. 1970ల్లో హిప్పీ జుట్టు, ఆ తర్వాత స్టెప్ కటింగ్, ఇప్పుడు ఫేడ్.

అప్పట్లో ఊళ్లల్లో మంగలివాళ్లే ఇంటికొచ్చి జుట్టు తీసేవాళ్లు. పైసలు కాదు, పంట వచ్చాక గింజలు ఇచ్చేవాళ్లు. అయితే చాలా ఊళ్లల్లో దళితులకు మాత్రం ఆ పని చేయనిచ్చేవాళ్లు కాదు. చేస్తే ఊరి పెద్దలు ఊరుకునేవాళ్లు కాదు.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం, 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 చట్టమైతే 'షాపు' అంటే ఏంటో చెప్తూ, హెయిర్ కటింగ్ సెలూన్‌ని పేరు పెట్టి మరీ రాసింది. అంటరానితనం పేరుతో వెనక్కి పంపితే నేరమే.

ఇక మీకు నప్పే కటింగ్ అంటారా? గుండ్రటి ముఖమైతే పక్కలు తగ్గించి, పైన కొంచెం ఉంచమనండి. కోల ముఖమైతే పక్కలు మరీ తీయించొద్దు. హీరో ఫొటో కన్నా, మీ జుట్టు తీరు తెలిసిన సెలూన్ అన్న మాట వినండి.

ఈ రోజు ఇంట్లో తాతను ఒకటి అడగండి: "మీ చిన్నప్పుడు మనూళ్లో ఎవరికి కటింగ్ చేసేవాళ్లు, ఎవరికి చేసేవాళ్లు కాదు?" ఉంటా మరి, మళ్లీ కలుద్దాం!