నాలుగు వాలుల కప్పు, అటక, ఉప్పెన: దిగువ కృష్ణా డెల్టా గృహచరిత్రలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: దిగువ కృష్ణా డెల్టాలో నాలుగు వాలుల పైకప్పు గాలిని తట్టుకొనే రూపం. ఆ కప్పు కింది అటక మాత్రం నీటి నుంచి కాపాడలేని చోటు. ఈ వైరుధ్యం 1864, 1977 ఉప్పెనల తరువాత ఇంటి రూపంపై ఎలాంటి ప్రభావం చూపింది, తలపైన భద్రమైన చోటు ఎవరికి దక్కింది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అటక, పెంకుటిల్లు, మండువా లోగిలి, దివిసీమ, ఉప్పెన, డాబా.

1. కప్పు కింద మిగిలే చోటు

రెండు వాలుల కప్పుకు చివరల్లో త్రికోణపు గోడలు నిలుస్తాయి. నాలుగు వాలుల కప్పుకు అవి ఉండవు. నాలుగు మూలల నుంచి లేచిన మూలవాసాలు కొప్పును చేరుకొంటాయి. నాలుగు పక్కలా చూరు ఒకే ఎత్తున దిగుతుంది. తీరాంధ్ర పూరిళ్లలోనూ పెంకుటిళ్లలోనూ ఈ రూపం విరివిగా కనిపిస్తుంది. తాటాకు చుట్టిల్లు ఇదే తర్కానికి గుండ్రని రూపం. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా దానికి ఎదురు నిలిచే నిట్టనిలువు తలం కప్పులో లేకపోవడమే ఈ నిర్మాణానికి బలం. తుపాను ప్రాంతాల గృహాలపై భారత ప్రమాణాల సంస్థ 2004లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా ఈ రూపానికే మొగ్గు చూపాయి. ఇంజనీర్లు లెక్క కట్టి చెప్పకముందే డెల్టా వడ్రంగులకు ఇది తెలుసు.

ఈ బలానికి మూల్యం లోపలి చోటులో చెల్లించవలసి వస్తుంది. 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల ఇంటిపై 45 డిగ్రీల వాలుతో కప్పు వేశారనుకొందాం. రెండు వాలుల కప్పులో కొప్పు 8 మీటర్ల పొడవునా సాగుతుంది. నాలుగు వాలుల కప్పులో అది 3 మీటర్లే. గోడల మట్టాన అటక వేస్తే, 1.8 మీటర్ల ఎత్తు దొరికే నేల మొదటి దానిలో 11 చదరపు మీటర్లు దాటుతుంది. రెండో దానిలో 6 చదరపు మీటర్లకు కాస్త పైన ఆగిపోతుంది. వాలు 30 డిగ్రీలకు తగ్గితే ఏ కప్పు కిందా మనిషి నిలబడలేడు. బ్రిటన్‌లో ఇలాంటి ఇళ్లవారు పక్కవాలును తొలగించి, గోడను కొప్పు దాకా లేపి అటకను పడకగదిగా మార్చుకొంటారు. బందరు తీరంలో అదే పని చేస్తే గదితోపాటు గాలికి ఎదురు నిలిచే గోడను కూడా కట్టుకొన్నట్లవుతుంది.

అందువల్ల ఇక్కడ అటక నివాసస్థలం కాలేదు. సామాను చోటుగానే మిగిలింది. మెట్టప్రాంతాల్లో ధాన్యం పాతరల్లో దాచేవారు. భూగర్భజలం పైపైనే ఉన్న డెల్టాలో నేల తవ్వితే నీరు ఊరుతుంది. కాబట్టి ధాన్యం గాదెకూ పురికీ చేరింది. విత్తనాలు, ఇత్తడి సామాను, జాడీలు అటకెక్కాయి. వంటింటి పొగ తాకే అటకలో విత్తనానికి పురుగు బెడద తక్కువ. పక్కన పెట్టేసిన పనిని ‘అటకెక్కింది’ అనడం తెలుగులో నేటికీ ఉంది. మనుషులు మసలని చోటుగా అటకను భాష కూడా గుర్తుపెట్టుకొంది.

2. బందరు నుంచి గుడివాడ దాకా

డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో మచిలీపట్నంలో వర్తకస్థావరాలు నెలకొల్పారు. 1618–22 మధ్య అక్కడ పనిచేసిన విలియం మెథ్వోల్డ్ దానిని ప్రాకారం లేని, కట్టడం బాగాలేని, నెలకొన్న చోటు అంతకన్నా బాగాలేని పట్టణంగా వర్ణించాడు. బావినీరు ఉప్పన అని కూడా రాశాడు. ఇళ్లు కొయ్యతో కట్టినవని తావెర్నియే పేర్కొన్నాడు. పరదేశి వర్తకుల చూపులో చిన్నతనం ఉండవచ్చు. అయినా ఎంత సంపన్నమైన రేవుకైనా ఆ నేల ఉప్పునేలే అన్న సంగతిని వారు సరిగానే పట్టుకొన్నారు.

బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. కాలువనీటితో పాటు వరిసంపద గుడివాడ పరిసరాలకు చేరింది. ఆ సంపద ఇంటి కప్పులో కనిపిస్తుంది. తాటాకు చోట గూనపెంకు వచ్చింది; బాసెల్ మిషన్ 1865లో మంగుళూరులో కర్మాగారం నెలకొల్పిన తరువాత, క్రమంగా వాడుకలో ‘బెంగుళూరు పెంకు’ అనిపించుకొన్న చదునుపెంకు కూడా వచ్చింది. మోతుబరుల మండువా లోగిళ్లలో బర్మా టేకు దూలాలపై పలకలు పరిచిన అటకలు గదికొకటి చొప్పున వెలిశాయి. సముద్రానికి 30 కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న గుడివాడకు భయం గాలితోనే, ఉప్పెనతో కాదు. నాలుగు వాలుల కప్పు, బరువైన పెంకు, గట్టి దూలం అక్కడికి సరిపోయాయి. అదే ఇంటిని దివిసీమ చివరి ఊళ్లకు దించి చూస్తే లెక్క తారుమారవుతుంది.

3. నీరు కప్పును చేరిన రాత్రులు

1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నాన్ని ఉప్పెన ముంచెత్తింది. సుమారు 30 వేల మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చింది. నాగాయలంక, కోడూరు ప్రాంతపు పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కలు మృతులను 10 వేల పైచిలుకుగా చూపాయి. స్థానిక అంచనాలు అంతకు మించి ఉన్నాయి.

అటక ఆశ్రయం కాగలదా అన్న ప్రశ్నకు సమాధానం ఇంటి నిర్మాణంలోనే ఉంది. మట్టిగోడ నీటిలో నానితే జారిపోతుంది. గోడ పోతే కప్పు నిలవదు. నిట్రాళ్లపై నిలిచిన కప్పు మరికొంతసేపు ఆగినా, అటక నేలమట్టానికి 3 మీటర్ల ఎత్తుకు అటూఇటూగానే ఉంటుంది. నీరు ఆ మట్టాన్ని అందుకొన్నాక పైకి పోయే దారి లేదు. పెంకునైతే లోపలి నుంచి నెట్టి సందు చేసుకోవచ్చు. తాడుతో బిగించిన తాటాకు కప్పును చీకట్లో కోసుకొని బయటపడడం అందరి వల్లా అయ్యేది కాదు. గాలిని జార్చడానికి నలువైపులా మూసుకొన్న కప్పే నీరు వచ్చిన వేళ లోపలివారిని బంధించింది. తాటిచెట్లు, ఎత్తయిన పక్కా కట్టడాలు అందినవారు బతికారు.

4. కప్పు నుంచి డాబాకు

1977 తరువాతి పునరావాసంలో కాంక్రీటు కప్పు భద్రతకు మారుపేరయింది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1983లో గుడివాడ నుంచి కూడా ఎన్నికైన ఎన్.టి. రామారావు ప్రభుత్వకాలంలో ‘పక్కా ఇల్లు’ రాజకీయ వాగ్దానంగా స్థిరపడింది. ఇంటిపైన ఇరుకైన, చీకటి అటక పోయి ఆరుబయలు నేల వచ్చింది; నీరు వచ్చినప్పుడు నిలబడగల చోటు, డబ్బు వచ్చినప్పుడు అంతస్తు లేపగల చోటు. అయితే మెట్లు లేని డాబా ఉప్పెన వేళ ఎక్కలేని అటకతో సమానం. ఉప్పుగాలి, ఉప్పునీరు కాంక్రీటులోని ఇనుమును తినేస్తాయన్నది మరో చిక్కు. తాటాకు కప్పును పేదవాడు తన చేతులతో మళ్లీ నేసుకోగలడు. పెచ్చులూడిన స్లాబును బాగు చేసుకోవడానికి రొక్కం కావాలి.

కృష్ణా డెల్టాపై సుదీర్ఘ క్షేత్రపరిశోధన చేసిన పీటర్ వించెస్టర్ 1992 నాటి గ్రంథంలో ప్రశ్నను ఇంటి నుంచి ఇంటివారి వైపు తిప్పాడు. ప్రమాదానికి మూలం ఇంటి రూపం కన్నా భూమి, ఆదాయం, పలుకుబడి లేకపోవడంలో ఉందని ఆయన వాదం. 1990 మే 9న ఇదే తీరాన్ని తాకిన తీవ్రమైన తుపానులో మృతుల సంఖ్య వెయ్యిలోపే ఆగడం ఈ వాదానికి మరో కోణంలో బలమిస్తుంది. ఆ 13 ఏళ్లలో పల్లెల ఇళ్లన్నీ మారిపోలేదు. ముందస్తు హెచ్చరిక అందింది, లక్షన్నర మందికి పైగా తరలింపు జరిగింది. 2011లో మొదలైన జాతీయ తుపాను ముప్పు నివారణ పథకం కింద స్తంభాలపై లేచిన ఆశ్రయభవనాలు కూడా అదే దారిలోవి. ఇంటింటికీ ఇవ్వలేని ఎత్తును అవి ఊరికొకటిగా ఇస్తాయి.

కానీ ఆశ్రయభవనం సామానుకు చోటివ్వదు. ఇల్లు విడిచి వెళ్లేవారు వెనక వదిలే విత్తనం, పాస్ పుస్తకం, కుట్టుమిషను గురించి ప్రణాళికాపత్రాల్లో చర్చ అరుదు. పాత అటక చూసుకొన్నది వాటినే. కొత్త ఇళ్లలో అటక గోడలోంచి పొడుచుకొచ్చిన కాంక్రీటు బల్లగా మిగిలింది.

ఇప్పుడు గుడివాడలోనూ మచిలీపట్నంలోనూ చోటు చాలని కుటుంబాలు పాత డాబాలపై రేకుల గదులు వేసుకొంటున్నాయి. ఇనుపగొట్టాలపై ఒకే వాలుగా బిగించిన రేకు కింద గాలి దూరితే పైకి లేస్తుంది. ఆ రేకు చోట నాలుగు వాలుల తేలికపాటి చట్రాన్ని స్లాబుకు గట్టిగా బిగించి వేయడం స్థానిక వడ్రంగులకూ వెల్డర్లకూ అసాధ్యమైన పని కాదు. చూరును కురచగా ఉంచి, వసారా కప్పును ప్రధానకప్పుతో కలపకుండా విడిగా కడితే, వసారా ఎగిరిపోయినా గది నిలుస్తుంది. పెంకుటిళ్లు కట్టిన వడ్రంగులలో మూలవాసాన్ని కొప్పుకు అతికే కొలత నోటిలెక్కగా తెలిసినవారు దివిసీమ ఊళ్లలో ఇంకా ఉన్నంతలోనే ఆ కొలతలను నమోదు చేయవలసి ఉంది.