సూరతు వర్తకుని అచ్చక్షరాలు

అక్షరం చెక్కడం ఒక విద్య. చెక్కిన అక్షరాలను ఒక బారున నిలబెట్టడం వేరొక విద్య. ఈ రెండవది మొదటిదానికంటె చిన్నదని ఎవరికైనా తోస్తుంది. అది నిజం కాదని సూరతు నగరంలో ఒక వర్తకుడు మూడువందల యాభై ఏండ్ల క్రితం తన సొమ్ము వెచ్చించి తెలుసుకొన్నాడు. ఆయన పేరు భీమ్జీ పారేఖు. మన ముద్రణ చరిత్రలో ఆయనకు రావలసిన చోటు ఇంకా పూర్తిగా రాలేదని నా అభిప్రాయం.

ఆయన కథలోనికి పోకముందు చిక్కు ఎక్కడ ఉన్నదో చూడవలె. పుస్తకాలకు తోలు అట్టలు వేసేవాని దుకాణంలో అది కంటికి కనబడుతుంది. పుస్తకం వీపుమీద పేరు వేయవలె. పనివాని ముందు ఇత్తడి ముద్రలు ఉంటవి. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క ముద్ర, పట్టుకొనుటకు కొయ్యపిడి. తోలును కొంచెం చెమ్మచేసి, దారం బిగబట్టి నొక్కి గీత తీస్తాడు. ఆ గీతమీద వేడిచేసిన ముద్రలను ఒకటొకటిగా దించుతాడు. చేయి వెంట్రుకవాసి ఒరిగితే అక్షరం ఒక అంచున లోతుగా, మరొక అంచున తేలికగా పడుతుంది. కాగితంమీద తప్పును కొట్టివేసి మళ్ళీ వ్రాయవచ్చు. తోలుమీద పడిన ముద్ర పోదు. అందుచేత అనుభవం ఉన్నవాడు మొదటి అక్షరంతో పని మొదలుపెట్టడు. అక్షరాలు లెక్కించుకొని, నడిమి అక్షరానికి చోటు గుర్తుపెట్టి, అక్కడినుండి రెండు ప్రక్కలకూ కొలుచుకొంటాడు.

ఎడం సంగతి ఇంకా సూక్ష్మమైనది. కొలబద్ద పెట్టి అక్షరానికీ అక్షరానికీ నడుమ సమానమైన ఎడం ఉంచితే ఆ పేరు కంటికి సమానంగా కనబడదు. గుండ్రని అక్షరాలు రెండు ప్రక్కప్రక్కన ఉంటే వాటి భుజాలపైన ఖాళీ ఎక్కువగా తోస్తుంది. వాటిని దగ్గరకు జరపవలె. నిలువు గీతలు ఎదురెదురుగా ఉంటే దూరం చేయవలె. గుజరాతీలో ‘ర’ సన్నని అక్షరం, ‘ణ’ వెడల్పైనది. తెలుగులో అయితే పైన గుడి, క్రింద వత్తు వచ్చి ఒకే వరుసను మూడంతస్తులు చేస్తవి. ఇవన్నీ కొలతకు లొంగవు, కంటికే లొంగుతవి. అందువల్ల ప్రతి పేరుకూ ఈ లెక్క మొదటినుండి చేయవలసినదే. ఒక పుస్తకం వీపుకు ఇది పెద్ద శ్రమ కాదు. ఇదే విధంగా ఒక గ్రంథమంతా వేయవలసివస్తే?

భీమ్జీ ఎదుర్కొన్న ప్రశ్న ఇదే.

పదునేడవ శతాబ్దపు సూరతులో లోహంమీద అక్షరం చెక్కగల చేతులకు కొరత లేదు. అది మొగలాయి టంకసాల ఉన్న నగరం. రూపాయి ముద్రలమీద పారసీక అక్షరాలను తలక్రిందుగా, అద్దంలో వలె చెక్కే నిపుణులు అక్కడ ఉండేవారు. గుజరాతులో వస్త్రాలమీద కొయ్య అచ్చులు వేసే ఛీపాలు ఉండేవారు. ఒక అచ్చు అంచును రెండవ అచ్చు అంచుతో కలుపుట వారికి నిత్యకృత్యం. జైన గ్రంథభండారాలకు ప్రతులు వ్రాసే లేఖకులు ‘ఓళియుం’ అనే పలకను వాడేవారు. పలకమీద వరుసగా దారాలు బిగించి, కాగితాన్ని దానిపై ఒత్తితే సిరా లేకుండానే గీతలు పడేవి. పంక్తి తిన్నగా ఉండవలెననే పట్టుదలకు ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు. అయితే టంకసాల ముద్రలో లేఖనమంతా ఒకే ముక్కపై చెక్కి ఉంటుంది. అక్షరం తన చోటు విడిచి కదలదు. వస్త్రంమీద తీగ కొంచెం తప్పినా చూసేవారు క్షమిస్తారు. విడివిడిగా చేసిన అక్షరాలను వేలకొలది కూర్చి, విప్పి, మళ్ళీ కూర్చే పని ఆ నగరానికి క్రొత్తది.

భీమ్జీ ఈస్టిండియా కంపెనీకి సూరతులో దళారి; వైష్ణవ బనియా. 1669 సెప్టెంబరులో ఖాజీ పెట్టిన బాధలకు నిరసనగా సుమారు 8000 మంది బనియాలు ఇండ్లు వదలి భరూచికి తరలిపోయినప్పుడు, కంపెనీ అధిపతి జెరాల్డ్ ఆంజియర్ సహాయం కోరిన ప్రతినిధులలో ఆయన ముఖ్యుడు. నగరంలో వ్యాపారం స్తంభించినది. డిసెంబరులో గాని వారు తిరిగిరాలేదు. 1670 నాటి సూరతు లేఖలో ఆయన కోరిక లండనుకు చేరినది: బొంబాయికి ఒక సమర్థుడైన ముద్రకుణ్ణి పంపవలె, బ్రాహ్మణుల ప్రాచీన గ్రంథాలను కొన్నింటిని అచ్చు వేయించవలెనని తన కోరిక, ముద్రకునికి మూడేండ్లపాటు ఏటా 50 పౌనులు తానే ఇస్తాడు, పనిముట్ల ఖర్చు కూడా తానే భరిస్తాడు. ఈ రెండు సంఘటనలకూ సంబంధం ఉన్నదని ఏ పత్రమూ చెప్పదు. కాని గుడులకు, ఇండ్లకు భద్రత లేదని కన్నులారా చూసినవాడు, గ్రంథాలకు వందల ప్రతులు ఉంటే మేలని తలచడం సహజమని నాకు తోస్తుంది.

1674లో హెన్రీ హిల్స్ అనే ముద్రకుడు వచ్చినాడు. యంత్రం, ఇంగ్లీషు అక్షరాలు, కాగితం కూడా వచ్చినవి. తీరా చూస్తే ఆయనకు అచ్చు వేయడం తెలుసు, అక్షరాలు చెక్కి పోతపోయడం తెలియదు. లండనులో ఆ రెండూ వేర్వేరు వృత్తులు. భీమ్జీ చేతులు ముడుచుకొని కూర్చోలేదు. తన మనుషులను పెట్టి అక్షరాలు చేయించినాడు. 1677 జనవరిలో సూరతునుండి వెళ్ళిన లేఖ చెప్పేది ఇది: భీమ్జీ మనుషులు బనియా అక్షరాలలో అచ్చువేసిన కాగితాలు చూశాము, చక్కగా, చదువుటకు వీలుగా ఉన్నవి, పని సాధ్యమేనని తేలినది, కాని అనుభవం చాలక ఖర్చు, జాప్యం మిక్కుటంగా ఉన్నవి, భీమ్జీ ఖర్చుమీదనే ఒక అక్షరాల పోతగాణ్ణి పంపితే ఆయన దానిని గొప్ప అనుగ్రహంగా భావిస్తాడు.

ఆయన తలపెట్టినవి బ్రాహ్మణుల గ్రంథాలు, అచ్చుపడినవి బనియా అక్షరాలు. ఈ వైచిత్ర్యాన్ని గమనింపవలె. బనియా అక్షరాలంటే వర్తకులు లెక్కలకు వాడే, శిరోరేఖ లేని లిపి అని సాధారణంగా భావిస్తారు. దేవనాగరిలో పైగీత అక్షరాలన్నింటినీ ఒక త్రాటికి కట్టినట్లు ఉంచుతుంది. ఆ త్రాడు లేని లిపిలో ప్రతి అక్షరమూ తనంతట తాను నిలబడవలె. తెలుగు అక్షరానిదీ అదే స్థితి.

ఆ లేఖలో పోతగాణ్ణి అడుగుటలోనే భీమ్జీ తెలివి కనబడుతుంది. పోతగాడు చేసేది అక్షరాలను ఎక్కువ సంఖ్యలో తయారుచేయుట మాత్రమే కాదు. ఉక్కు ముద్రను రాగిరేకుపై కొట్టి గుంట చేస్తాడు; ఆ రాగిముక్కను రెండు భాగాల చేతిమూసలో అమర్చుతాడు. మూస ఎత్తు అన్ని అక్షరాలకూ ఒక్కటే. వెడల్పు మాత్రం అక్షరాన్నిబట్టి జరుగుతుంది. అక్షరం గీతమీద సరిగా నిలిచి, ఇరుప్రక్కలా తగినంత ఖాళీ వచ్చేవరకు రాగిని ఆకురాయితో అరగదీస్తాడు. ఆపైన పోసిన ప్రతి సీసపు ముక్కా తన పంక్తినీ, తన ఎడాన్నీ తనతోనే మోసుకొని వస్తుంది. తోలు పనివాడు ప్రతి పేరుకూ చేసే లెక్కను పోతగాడు ప్రతి అక్షరానికీ ఒక్కసారే చేసి ముగిస్తాడు. ఆ విద్య దొరకలేదు గనుకనే సూరతు కాగితాలు చక్కగానూ ఉన్నవి, గిట్టుబాటు కాకుండానూ పోయినవి. ఆ కాగితాలు మనకు దక్కలేదు. భారతీయులకు ముద్రణపై ఆసక్తి లేకపోయినదని వ్రాసేవారు ఈ లేఖలను ఒకసారి చదివితే బాగుండును. ఆసక్తి ఉన్నది, సొమ్ము ఉన్నది, చెక్కే చేయి ఉన్నది. లేనిది ఆకురాయి పట్టి అక్షరానికి దాని చోటు నిర్ణయించే ఒక్క మనిషి.

తెలుగు అక్షరాలు 1746లో జర్మనీలోని హాలే నగరంలో అచ్చయినవి. గుజరాతీ ఇంకా ఆగవలసివచ్చినది. 1797లో ‘బాంబే కొరియర్’ పత్రికలో గుజరాతీ అక్షరాలలో ఒక ప్రకటన వెలువడినది. ఆ అక్షరాలు చెక్కినది ఆ ముద్రణాలయంలోని ఒక పార్సీ పనివాడు. సూరతులో గుజరాతీ ముద్రణ నిలద్రొక్కుకొన్నది 1820 ప్రాంతంలో, లండన్ మిషనరీ సంఘంవారి ముద్రణాలయంలో.

అంతకుముందే సూరతులో 1787లో పుట్టిన ఫర్దూన్‌జీ మర్జబాన్ బొంబాయి చేరి, ముల్లా ఫిరూజ్ వద్ద చదువుకొన్నాడు. ఆయన మొదట పెట్టినది ముద్రణాలయం కాదు, పుస్తకాలకు అట్టలు వేసే దుకాణం. 1812లో గుజరాతీ ముద్రణాలయం స్థాపించినాడు. 1814లో ఆయన పంచాంగం వెలువడినది. పంచాంగమంటే గళ్ళు, అంకెలు, సన్నని నిలువు వరుసలు. ఎడం తప్పితే తిథి తప్పినట్లే. 1822 జూలై 1న ఆయన ప్రారంభించిన వారపత్రిక తరువాత దినపత్రిక అయినది. ‘ముంబయి సమాచార్’ అనే పేరుతో అది నేటికీ వెలువడుతున్నది.