ఛాయాచిత్రనిధులయందు గుణపరీక్షయు లోపవిధియు

మార్కాపురము పలకలకుఁ బ్రసిద్ధి గన్న పట్టణము. ఆ పరిసరముల గనులనుండి త్రవ్వి తీసిన పలకఱాతిని పలుచఁగాఁ జీల్చి, కొయ్యచట్టమునఁ బొదిగి చేసిన పలకలపై నాంధ్రదేశమునఁ బెక్కుతరముల బాలురు ఓనమాలు దిద్దిరి. పలక వ్రాఁతను గ్రహించును, తుడిచినంతనే విడుచును. ఆ సీమలోనే త్రిపురాంతకమునఁ గాకతీయులనాఁటి శాసనములు నేఁటికిని నిలిచియున్నవి. తుడుపున కనువైన ఱాయియు, తుడుపునకు లొంగని ఱాయియు నొక్క ప్రాంతమునందే కలవు. గడచిన యిరువది సంవత్సరములలో ఈ ప్రాంతపు గుళ్లు, చెఱువులు, కొండలు ఛాయాచిత్రరూపమున నంతర్జాలమునఁ జేరఁజొచ్చినవి. ఆ చిత్రములు పలకమీఁది వ్రాఁతలో, శాసనములో యనునది వానిని జేర్చుకొన్న నిధుల నియమములనుబట్టి తేలవలసిన విషయము.

ఛాయాచిత్రనిధి యనఁగాఁ బలువురు తాము తీసిన చిత్రముల నంతర్జాలమున నొక్కచోఁ జేర్చి, పరులు చూచుటకును, అనుమతి గలచో వాడుకొనుటకును వీలు కల్పించు స్థానము. 2004లో ఫ్లికర్ వెలసెను. ఆ సంవత్సరముననే సెప్టెంబరు 7వ తేదిని వికీమీడియా కామన్స్ ఆరంభమయ్యెను. 2003 డిసెంబరులో మొదలైన తెలుఁగు వికీపీడియాకును, ఇతరభాషల వికీపీడియాలకును గావలసిన చిత్రముల నొక్కచోట నుంచుట దీని ప్రయోజనము. 2005లో వెలసిన పనోరమియో యనునది చిత్రమును భూపటముపై దాని స్థానమునఁ జూపు నిధి; దానిని గూగుల్ సంస్థ 2007లోఁ గొనెను. పెద్దనగరముల పేరులు మాత్రమే యెఱిఁగిన లోకమునకు నల్లమల యంచునఁ గల చిన్న యూళ్లు గూడఁ గన్నులఁ బడుట కిట్టి నిధులు తోడ్పడెను.

ఎవరు తెచ్చినను ఏది తెచ్చినను గైకొనుట నిధికి సాధ్యము గాదు. కావున రెండు ప్రశ్నలు పుట్టినవి. ఏ చిత్రము మేలైనది? ఏ చిత్రమును దొలఁగింపవలయును? ఈ రెండును నొక్కటియే యని పలువురు తలంతురు. మసకగా నున్న చిత్రము తొలఁగింపఁబడును, స్పష్టముగా నున్నది నిలుచును అని వారి యూహ. నిధుల చరిత్రము పరిశీలించినచో నీ యూహ సరికాదని తేలును.

ఈ ప్రశ్నలు ఛాయాచిత్రములతోఁ బుట్టినవి కావు. కాలిన్ మెకంజీ (1754-1821) కావలి వేంకటబొఱ్ఱయ్య, లక్ష్మయ్య మున్నగు సహాయకులచే స్థానికచరిత్రములను, శాసనప్రతులను సేకరింపించెను. సి. పి. బ్రౌను కడపలోఁ బండితులను జేర్చి, యొక్కొక్క గ్రంథమునకుఁ బెక్కు ప్రతులను దెప్పించి సరిచూపించెను. 1911లో స్థాపితమైన యాంధ్రసాహిత్యపరిషత్తు తాళపత్రములను బోగుచేసెను. గ్రంథపరిష్కర్తలలో స్థిరపడిన న్యాయ మిది: ప్రతులు పెక్కు లున్నచో మేలైనదానిని బ్రమాణముగాఁ గొనవలయును, ఒక్క ప్రతియే యున్నచో, అది పురుగు తిన్నదైనను, గ్రంథపాతముల గుఱుతించి కాపాడవలయును. గుణము సాపేక్షము, ఏకత్వము గుణమునకంటె బలీయము.

వికీమీడియా కామన్స్ నందు గుణపరీక్ష మూఁడు తెఱఁగులుగా నేర్పడెను. 2004లో విశేషచిత్రముల యెంపిక మొదలయ్యెను. ఇది సభ్యుల యభిప్రాయములచేఁ దేలును. 2006లో నాణ్యచిత్రములను గుఱుతించు పద్ధతి వచ్చెను. నిధి సభ్యుఁడే తీసిన చిత్రమై, కనీసము ఇరువది లక్షల బిందువులు, అనఁగా 2 మెగాపిక్సెళ్లు గలిగి, స్పష్టత, వెలుఁగు, కూర్పు మున్నగువానియందు నిర్దోషమైనదే నాణ్యచిత్రము. దేవాలయగోపురమును గ్రిందినుండి తీసినచో నది వెనుకకు వ్రాలినట్లు కనఁబడును. దానిని సవరింపనిచోఁ బరీక్షకులు దోషముగా నెన్నుదురు. మార్కాపురము చెన్నకేశవాలయగోపురమువంటి యున్నతకట్టడములను దీయువా రెల్లరు నీ చిక్కు నెదుర్కొందురు. 2008లో మూఁడవదియగు విలువగల చిత్రముల పద్ధతి పుట్టెను. ఇందు బిందుసంఖ్య ముఖ్యము గాదు. నిర్దిష్టమైన యొక విషయమునకు నిధిలో నున్న చిత్రము లన్నిఁటిలో నేది యుత్తమమో దానికే యీ గౌరవము. 480×360 పరిమాణమునఁ జూచినపుడు చక్కఁగాఁ గనఁబడవలయును. తీసిన స్థానముయొక్క యక్షాంశ రేఖాంశములు సాధారణముగాఁ దెలుపఁబడవలయును.

ఈ భేదము లెక్కచే విశద మగును. తొలినాళ్ల కెమేరాఫోనులు పెక్కు 640×480 పరిమాణమునఁ జిత్రములు తీసెడివి. అనఁగా నొక్కొక్కదానియందు 3,07,200 బిందువులు. నాణ్యచిత్రమునకుఁ గావలసినదానిలో నిది యాఱవవంతునకుఁ దక్కువ. కాని విలువగల చిత్రమును బరీక్షించు పరిమాణమున 1,72,800 బిందువులే గలవు. కనుక నొక పల్లెలోని నాగశిలను పాతఫోనుతోఁ దీసిన చిత్రము నాణ్యచిత్రము కాఁజాలదు గాని, వేఱొకటి లేనిచో విలువగల చిత్రము కావచ్చును. పరిష్కర్తల యేకప్రతిన్యాయమే యిచటఁ గొత్తరూపమునఁ బ్రవర్తించినది.

ఇఁక లోపవిధి. కామన్స్ పరిధి విద్యాప్రయోజనము. ప్రయోజన మేమియు లేని చిత్రము తొలఁగింపఁదగినదే. అయినను నేదేని వికీపీడియాలో సక్రమముగా వాడుకలో నున్న చిత్రము ప్రయోజనవంతమని నియమమే యంగీకరించును. కావున గుణహీనతమాత్రమున నేకైకచిత్రము లోపించుట యరుదు. లోపమునకు ముఖ్యకారణము హక్కు. కర్త యెవఁడో, ఏ యనుమతితో నిచ్చెనో తెలియనిచో, ఆ చిత్రము గుఱుతింపఁబడిన యేడు దినములలో సరియైన సమాధానము రానిచోఁ దొలఁగింపఁబడును. వివాదాస్పదమైన చిత్రములపై సాధారణముగా నేడు దినములకుఁ దక్కువ గాకుండఁ జర్చ జరుగును. హక్కు విషయమున గట్టి సందేహ మున్నచోఁ దొలఁగించుటయే యుత్సర్గము. చిత్రము మూలదేశమునందును, అమెరికాసంయుక్తరాష్ట్రములందును స్వేచ్ఛగా వాడఁదగినదై యుండవలయును. 2002 డిసెంబరులో వెలువడిన క్రియేటివ్ కామన్స్ లైసెన్సులలోఁ గర్తపేరు చెప్పిన వాడుకొనవచ్చు నన్నవి స్వీకృతములు. వ్యాపారమునకు వాడరా దన్నవియు, మార్పరా దన్నవియు నస్వీకృతములు.

భారతదేశపుఁ గాపీరైటు చట్టము (1957) 52వ ప్రకరణమున నిట్టి చిత్రములకుఁ గొన్ని యపవాదములు గలవు. కట్టడముల ఛాయాచిత్రమును దీయుట, ప్రకటించుట హక్కుభంగము గాదు. బహిరంగస్థలమున శాశ్వతముగా నున్న శిల్పము విషయమును నట్లే. కావున మార్కాపురపు నాలుగుత్రోవలఁ బ్రతిష్ఠించిన క్రొత్తవిగ్రహము నైనను దీసి చేర్పవచ్చును. వర్ణచిత్రములకు మాత్ర మీ యపవాదము లేదు. కర్త జీవించియుండఁగానో, గతించిన పిమ్మట నఱువది యేండ్లు నిండకమున్నో, గోడపై వ్రాసిన క్రొత్తబొమ్మను ముఖ్యవిషయముగాఁ దీసిన చిత్రము కర్త యనుమతి లేనిచో నిలువదు. ముద్రితగ్రంథములోని పటమును ఫోనుతో మరలఁ దీసినవాఁడు దానికిఁ గర్త కాఁడు.

ఇచట నొక పూర్వపక్షము గలదు. పల్లెటూరివాఁడు తన యూరి గుడిని దానే తీసి చేర్చినను, దొంగిలించిన చిత్రమని సందేహించి తొలఁగించుట యన్యాయము గదా యని. ఈ యాక్షేపణమున సత్య మున్నది. సందేహమునకుఁ దఱచుగా నొక హేతువు గలదు. కెమేరా ప్రతిచిత్రముతోడను దీసిన తేదిని, యంత్రపుఁబేరును గుప్తముగా లిఖించును. ఆ చిత్రమును వాట్సాపులో మామూలుగాఁ బంపినచో నా లేఖనము తొలఁగి, పరిమాణము క్షీణించును. అట్లు వచ్చినది చిన్నదై, జన్మపత్రిక లేనిదై, యెచ్చటనుండియో యెత్తుకొని వచ్చినదానివలెఁ గనఁబడును. మూలప్రతిని నేరుగాఁ జేర్చినచో సందేహమునకుఁ జోటు తగ్గును. ఇతరుఁడు తీసినచో నాతని యనుమతిలేఖను స్వీకరించి భద్రపఱచు స్వచ్ఛందసేవకుల బృందము గలదు. నియమము కఠినమే, నెఱవేర్పరానిది గాదు.

మఱియు, తొలఁగింపు నాశనము గాదు. పాణిని లోపమును అదర్శనముగా నిర్వచించెను. ఉండవలసినది కనఁబడకుండుటయే లోపము. రాజన్ అను ప్రాతిపదికపై సుప్రత్యయము లోపించినను, దానిచేఁ గలుగు పదసంజ్ఞ నిలిచియే యుండుటచే నంత్యనకారము పోయి రాజా యని రూప మేర్పడును. కామన్స్ నందలి తొలఁగింపు నిట్టిదియే. చిత్రము సామాన్యజనులకుఁ గనఁబడదు. నిర్వాహకులు చూడఁగలరు, మరల నిలుపఁగలరు. తొలఁగించిన తేదియుఁ గారణమును జిట్టాలో నుండును. హక్కుకాల మేయేఁట ముగియునో తెలిసినచో నా సంవత్సరమునఁ బునరుద్ధరింపవలసినవానిలో దానిని జేర్తురు.

ఎల్ల నిధులును నిట్టివి గావు. పనోరమియో తన చిత్రములలోఁ గొన్నింటిని భూపటమునఁ జూపుటకు నెంచెడిది. మనుష్యులు ప్రధానముగాఁ గల చిత్రములను, గృహాంతర్భాగములను నిరాకరించెడిది. అచ్చట గుణపరీక్ష కఠినము. అయినను 2016 నవంబరులో నా నిధికే తలుపులు పడినవి. స్వేచ్ఛానుమతి గల చిత్రములు వేలకొలఁదిగాఁ గామన్స్ నకుఁ జేరినవి. సర్వహక్కులు కర్తవే యని వ్రాసినవానికి, ఎంత మనోహరము లైనను, ఆ మార్గము లేకపోయెను. ఫ్లికర్ 2018 నవంబరులో రుసుము చెల్లింపని సభ్యులకు వేయిచిత్రముల పరిమితి విధించి, మించినవానిని దొలఁగింతు మనెను; క్రియేటివ్ కామన్స్ అనుమతి గల చిత్రములను మాత్రము తుదకు విడిచిపెట్టెను. మూఁడు నిధుల చరిత్రమును నొక్కటే చెప్పుచున్నది: చిత్రము నిలుచుటకుఁ గారణము దాని సొగసు గాదు, దాని ననుసరించి యున్న యనుమతి.

ఈ సిద్ధాంతము పశ్చిమప్రకాశప్రాంతమున కెట్లు వర్తించునో చూడవలయును. గుండ్లకమ్మపైఁ గట్టిన కంభము చెఱువు విజయనగరరాజులనాఁటిది. అంతర్జాతీయ నీటిపాఱుదల సంస్థ 2020లో దానిని వారసత్వకట్టడముగా గుర్తించెను. దానిని దీయువారు పెక్కురు. అచ్చట మేలైనదాని నెన్నుకొనుటకు వీలు గలదు. అచ్చటను, నిండిన యేఁటి చిత్రమునకును నెండిన యేఁటి చిత్రమునకును గల భేదము సౌందర్యభేదము మాత్రమే కాదు, చరిత్రభేదము. తేది గల మసకచిత్రము తేది లేని సొగసుచిత్రమునకంటె నచ్చట మేలు. గిద్దలూరు, తర్లుపాడు, దోర్నాల పరిసరముల చిన్నగుళ్లు, వీరగల్లులు, దిగుడుబావులు, పలకగనులలోఁ బనివారు ఱాతిని జీల్చు రీతి మున్నగువానికిఁ జిత్రములు తక్కువ. కాగితపుఁ బుస్తకములును బ్లాస్టిక్కు పలకలును వచ్చినపిదప ఱాతిపలక వాడుక సన్నగిల్లినది. ఆ పని నేఁడు తీయనిచో ఱేపు తీయుటకు వీలు గాకపోవచ్చును.

స్థాననిర్దేశమునందును జాగ్రత్త వలయును. ఈ ప్రాంతము 1800లో దత్తమండలములలోఁ జేరి మొదటఁ గడపజిల్లాలోను, 1858 నుండి కర్నూలుజిల్లాలోను నుండెను. 1970లో నొంగోలు కేంద్రముగా నేర్పడిన జిల్లాలోఁ గలిసెను. ఆ జిల్లాకు 1972లోఁ బ్రకాశము పేరు వచ్చెను. జిల్లాపేరు మాత్రమే వ్రాసిన చిత్రము కాలాంతరమున దారి తప్పును. ఊరిపేరును అక్షాంశ రేఖాంశములును వ్రాసినది తప్పదు.

కాఁబట్టి యీ సీమవారు చిత్రము మసకయని సిగ్గుపడి దాఁచుకొనుట యుచితము గాదు. చక్కనిదని నమ్మి యనుమతి వ్రాయక వదలుటయు నుచితము గాదు. కర్తపేరు, తీసిన తేది, ఊరు, అనుమతి యను నాలుగును గలిగిన చిత్రము, అది యెంత చిన్నదైనను, రాఁబోవువారికి సాక్ష్యమై నిలుచును. విజ్ఞు లీ విషయమును బరిశీలించి, తమతమ గ్రామముల చిత్రములను దదనుగుణముగాఁ జేర్తురు గాక.