రేనాటి పిల్లల పేర్లు

మా రేనాటి ఊరు కలమల్లలోని చెన్నకేశవాలయంలో దొరికిన శాసనం క్రీ.శ. 575 నాటిదని పండితుల మాట. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరు అందులో ఉంది. ఆ ధనంజయుడి పేరు ఇప్పటికీ మన ఇళ్లలో వినబడుతుంది.

బడిపంతులుగా పాత రిజిస్టర్లు చూసేవాణ్ణి. పుటకొకరైనా ఓబులేసు, చెన్నకేశవులు, వెంకటసుబ్బయ్య కనిపించేవాళ్లు. ఓబులేసంటే అహోబిలం నరసింహుడే. తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ గనక ఒకే ఇంట్లో పెద్దోబులేసు, చిన్నోబులేసు ఉండేవాళ్లు. దర్గాకు మొక్కుకుంటే పుట్టిన బిడ్డ దస్తగిరి, మస్తాన్, హుస్సేన్ అయ్యేవాడు. ఆ పేర్ల చివర 'రెడ్డి' ఉన్నా ఎవరికీ వింతగా ఉండేది కాదు.

ఇప్పుడు సాయి, చరణ్, యశ్వంత్, హర్షిత. జన్మనక్షత్రం అక్షరం, సంఖ్యాశాస్త్రం, సినిమా కలిసి పేరును తేల్చేస్తున్నాయి. ఒకే పేరు పదిమందికి ఉండటం తప్పు కాదు, అప్పుడూ ఉండేది. కానీ అప్పటి పేరులో ఒక కొండ, ఒక దర్గా, ఒక తాత ఉండేవాళ్లు. కొత్త పేరు ముచ్చటగా పెట్టుకోండి. దాని పక్కన జేజి పేరో, తాత పేరో ఒకటి చేర్చండి. పిల్లలకు తమ ఊరు, తమ వంశం తెలిసేది అలాగే.