పోయిన గిటార్ దొరికింది, మరి మన కిక్రి?

పోస్టు కొంచెం పొడుగుంది, తీరికగా చదవండి.

మొన్న రాత్రి హాస్టల్‌లో మా రూంమేట్ ఫోన్‌లో ఒక పాత వార్త చూపించిండు. కెనడాలో రాండీ బాక్‌మన్ అనే పేరున్న రాక్ సంగీతకారుడు ఉన్నడు. మన వయసులో ఉన్నప్పుడు, 1963 ప్రాంతంలో, చిన్నాచితకా పనులు చేసి కూడబెట్టిన 400 డాలర్లతో గ్రెట్ష్ కంపెనీ గిటార్ ఒకటి కొన్నడు. అది 1957లో తయారైనది, నారింజ రంగుది. హోటల్లో దిగితే దాన్ని గొలుసుతో కట్టేసి తాళం వేసేటోడట. అయినా 1976లో టొరంటోలో ఒక హోటల్ నుంచి ఎవరో ఎత్తుకుపోయిన్రు.

ఆ బాధ తీరక అదే కంపెనీ గిటార్లు ఒకటి తర్వాత ఒకటి కొంటూ పోయిండు. 300 దాటినయ్. అన్నీ దొరికినయ్, అదొక్కటే దొరకలే. చివరికి 2020లో ఒక అభిమాని పాత ఫొటోలు ముందు పెట్టుకొని ఇంటర్నెట్‌లో వెతికిండు. ఆ గిటార్ చెక్కలో ఒక ముడి మచ్చ ఉంది. టోక్యోలో ఒక సంగీతకారుడు వాయిస్తున్న వీడియోలో అదే మచ్చ కనపడింది. ఆయన దాన్ని దొంగసొత్తని తెలియక దుకాణంలో కొన్నడట. 2022 జులై 1న టోక్యోలోని కెనడా ఎంబసీలో, అలాంటిదే ఇంకో గిటార్ తీసుకొని దాన్ని తిరిగి ఇచ్చేసిండు.

బీటిల్స్ పాల్ మెకార్ట్నీ కథ కూడా ఇట్లాంటిదే. 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో కొన్న హోఫ్నర్ బేస్ గిటార్ 1972లో లండన్‌లో వ్యాన్ నుంచి పోయింది. 50 ఏళ్లు దాటినంక దొరికింది. 2024 ఫిబ్రవరిలో ఆ సంగతి లోకానికి చెప్పిన్రు.

అందరం "భలే ఉంది" అనుకున్నం. అప్పుడు మూలకు కూర్చున్న మా ఫ్రెండ్ ఒక్కడు మెల్లగా అన్నడు, "మా తాత కిక్రి కూడా పోయింది. అది ఎట్లుంటదో ఫొటో కూడా లేదు." ఆ మాట తర్వాత రూంలో ఎవరూ మాట్లాడలే. ఈ పోస్టు ఆ మాట నుంచే పుట్టింది.

కిక్రి ఏందో తెలియని తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం కొంచెం చెప్తం. చెక్కను తొలిచి, తోలు బిగించి, మూడు తీగలు కట్టి, గుర్రపు వెంట్రుకల విల్లుతో వాయిస్తరు. కొన్నిచోట్ల కింగ్రి అంటరు. ఇది ప్రధాన్‌ల వాద్యం, తోటి వాళ్లు కూడా వాయిస్తరు. గోండుల గోత్రాల పుట్టుక, పెన్‌ల కథలు, పహండి కుపార్ లింగో కథ, ఇవన్నీ కాయితం మీద రాసి పెట్టుకున్నవి కావు. ప్రధాన్ నోట్లో, కిక్రి తీగ మీద తరం నుంచి తరానికి నడిచినయ్. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశం పూజకు ప్రధాన్ ఎందుకు ఉండాలో పెద్దలను అడిగితే చెప్తరు. కథ చెప్పేటోడు లేకుంటే పూజ సగమే.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడైనంక, నిజాం సర్కారు మన ప్రాంతానికి హైమండార్ఫ్‌ని పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి ప్రధాన్‌లు చెప్పిన కథలు రాసుకున్నడు. 1948లో ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద పుస్తకం వేసిండు. ఆయన తీసిన ఫొటోలు, ఫిల్ములు లండన్‌లో సోయాస్ అనే యూనివర్సిటీలో ఉన్నయ్. అంటే మన ముత్తాతల ముఖాలు చూడాలన్నా లండన్ వైపు చూడాలె. ఆయన మేలే చేసిండు, కాదనం. కానీ ఆ పని మన ఇండ్లల్లో మనం ఎందుకు చేసుకోలేదన్నదే మా ప్రశ్న.

ఇగ మా ఫ్రెండ్ ఇంటి సంగతి. తాత పోయినంక కిక్రి దూలానికి వేలాడుతూ ఉండె. ఇంట్లో నేర్చుకున్నోళ్లు లేరు. తండ్రి పత్తి కూలికి పోతడు. ఒకప్పుడు గోండు దాతల ఇండ్లల్ల పెండ్లికి, చావుకు ప్రధాన్‌కు ధాన్యం, పశువు వచ్చేది. దాతల భూములే చేతులు మారినంక వాళ్లు మాత్రం ఏం ఇస్తరు? ఒకరోజు పట్నం నుంచి పాత సామాను కొనేటాయన వచ్చిండు. ఇంట్లో అప్పుడు దవాఖానా ఖర్చు ఉంది. రెండు ఇత్తడి సామాన్లతో కలిపి కిక్రిని 1500 రూపాయలకు ఇచ్చేసిన్రు. ఇప్పుడది ఎవరింటి గోడ మీద షోపీసో తెలువదు. ఆ ఇంటి అవ్వ మాత్రం ఇప్పటికీ అడుగుతదట, "వస్తువు పోతే పోయింది, రేపు పెన్ ముందట కథ ఎవరు చెప్తరు?" అని.

ఆ తండ్రిని మేము తప్పు పట్టం. ఇల్లు నడవనప్పుడు ఎవరైనా అదే చేస్తరు. కొన్నోడు దొంగతనం కూడా చెయ్యలే. కానీ ఒక తేడా చూడండి. గిటార్‌కు కంపెనీ పేరు, తయారైన సంవత్సరం, పాత ఫొటో, మచ్చ, అన్నీ ఉన్నయ్. అందుకే సముద్రం దాటిపోయినా గుర్తుపట్టి తెచ్చుకున్నరు. మన కిక్రి రేపు ఏ మ్యూజియం అద్దాల వెనుక కనబడినా, "ఇది మా తాతది" అనడానికి మన దగ్గర ఏముంది? మా ఫ్రెండ్ ఇల్లంతా వెతికితే ఒక పెండ్లి ఫొటో దొరికింది. అందులో తాత భుజం, విల్లు సగం పడ్డయ్. అంతే.

మనది మనింట్లోనే ఉంటే ఏమైతదో గుంజాల చూపించింది. నార్నూర్ మండలం గుంజాలలో పెద్దలు పాత చేతిరాత పుస్తకాలు పారేయకుండా దాచుకున్నరు. అవే గుంజాల గోండి లిపిగా లోకానికి తెలిసినయ్, 2018లో యూనికోడ్‌లో చేరినయ్. ఆ కాయితాలు కూడా పాత సామాను సంచిలో పోయి ఉంటే ఇయ్యాల ఆ లిపి గురించి మాట్లాడేటోళ్లే ఉండకపోదురు.

అందుకే మా రూం వాళ్లం ఒకటి అనుకున్నం. ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు మన ఇండ్లల్ల, చుట్టాల ఇండ్లల్ల ఉన్న కిక్రి, పెప్రె, డోల్, కాళికోం ఏదున్నా నాలుగు పక్కలా ఫొటో తీస్తం. పగుళ్లు, మచ్చలు, అతుకులు దగ్గర నుంచి తీస్తం. పొడవు, వెడల్పు కొలుస్తం. ఎవరు చేసిన్రు, ఏ కట్టె, ఏ తోలు, ఏ గోత్రం పూజలో వాయించిన్రు, అన్నీ నోట్‌బుక్‌లో రాస్తం. వాయించేటి పెద్దలు ఉంటే, వాళ్లు ఒప్పుకుంటేనే రికార్డు చేస్తం. పూజకు సంబంధించింది వద్దంటే ఆపేస్తం. ఇంకో మాట, ఏ ఇంట్లో ఏముందో గ్రూపులో పెట్టకండి. కొనేటోళ్లకు మనమే దారి చూపినట్లయితది. నోట్‌బుక్ ఆ ఇంట్లోనే ఉండాలె, ఒక కాపీ మన దగ్గర.

ఒక ప్రధాన్ పెద్దమనిషి సెలవుల్లో మాకు పట్టడం నేర్పుతా అన్నడు. మా ఫ్రెండే మొదట పేరు ఇచ్చిండు. వాడి దగ్గర కిక్రి లేదు. ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే, దాని మీదే వంతులేసుకొని నేర్చుకుంటం.

మీ ఇంట్ల ఏదన్నా ఉంటే, అమ్మే ముందు ఒక్కసారి మాకు ఫోన్ చెయ్యండి.

జై సేవా. జై కొమురం భీం.